ఎలుగులు తిరిగే చోట కుక్కతో క్యాంపింగ్: హైదరాబాద్ నుంచి బయల్దేరేవారికి సమగ్ర మార్గదర్శి

"ఎలుగుబంటి వస్తే మా లాబ్రడార్ మొరిగి తరిమేస్తుంది" అనే ధీమాతో బయల్దేరేవారికి ముందే ఒక మాట. లీష్ (పట్టుతాడు) లేని కుక్క అడవి అంచున చేసే పని సాధారణంగా ఇలా ఉంటుంది. పొదలో ఏదో కదిలిందని దూసుకెళ్తుంది, ఎలుగు ముఖం మీదే మొరుగుతుంది, అది తిరగబడగానే తోక ముడిచి నేరుగా యజమాని దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. వెనకే ఎలుగు. ఉత్తర అమెరికాలో 2010 నుంచి 2013 వరకు మనుషుల మీద జరిగిన నల్ల ఎలుగుల దాడులను పరిశీలించినప్పుడు సగానికి పైగా ఘటనల్లో కుక్క ప్రమేయం ఉన్నట్లు తేలింది. మన దగ్గర తిరిగే ఎలుగు అంతకంటే ముక్కోపి. అందుకే కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు కుక్కను మన చేతికి అందేంత దూరంలో ఉంచుకోవడం గురించే.

ముందు మన ఎలుగు సంగతి

యూట్యూబ్‌లో కనిపించే ఎలుగుల వీడియోలు దాదాపు అన్నీ అమెరికావే. అక్కడి నల్ల ఎలుగు తిండి వాసనకు క్యాంపులోకి వస్తుంది, గట్టిగా అరిస్తే చాలాసార్లు వెళ్లిపోతుంది. తెలంగాణ, ఆంధ్ర అడవుల్లో ఉండే ఎలుగుది వేరే పద్ధతి. ఇది పులి, చిరుత ఉన్న అడవుల్లో బతికే జంతువు. పరుగెత్తి పులిని తప్పించుకోలేదు, చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. కాబట్టి దగ్గరలో ఏదైనా ప్రమాదం కనిపిస్తే ఎదురుతిరిగి పోరాడటమే దీని స్వభావం. మగది 80 నుంచి 145 కిలోల వరకు తూగుతుంది. ముంగాళ్ల గోళ్లు ఒక్కొక్కటి నాలుగు అంగుళాల దాకా పెరుగుతాయి.

దీని ముక్కు చాలా చురుకు, చూపు, వినికిడి మాత్రం అంతంతే. పైపళ్లలో ముందు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో సహా పీల్చుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్లకు పైగా వినిపిస్తుంది. పుట్టలో ముక్కు పెట్టి అంత చప్పుడు చేస్తున్న ఎలుగుకు మీ అడుగుల సవ్వడి ఎక్కడ వినిపిస్తుంది? తలెత్తి చూసేసరికి మీరూ మీ కుక్కా పది అడుగుల దూరంలో ఉంటారు. మన దగ్గర జరిగే దాడుల్లో ఎక్కువ భాగం ఇలా ఉలిక్కిపడి చేసేవే, ఆకలితో చేసేవి కావు.

నల్లమలలో ఎలుగులు ఉన్నాయని అందరికీ తెలుసు. మెదక్, కామారెడ్డి మధ్య పోచారం అడవిలో, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల్లో, ఆదిలాబాద్, ములుగు వైపు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనైతే జీడి, కొబ్బరి తోటల్లోకే వచ్చేస్తాయి. "అక్కడ ఎలుగుల్లేవు" అని ఎవరైనా ఖాయంగా చెబితే, ఆయన ఆ ఊరివాడో కాదో ముందు కనుక్కోండి.

మొదటి అడుగు: చోటు ఎంచుకోవడం

అభయారణ్యం లోపల కుక్కతో గుడారం వేసే ఆలోచన మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా మనిషే అడుగుపెట్టకూడదు, పెంపుడు కుక్కను అసలే రానివ్వరు. నగరం నడిబొడ్డున ఉన్న కేబీఆర్ జాతీయ పార్కు గేటు దగ్గరే కుక్కలను ఆపేస్తారు కదా, 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మినహాయింపు ఎందుకు దొరుకుతుంది? ఈ నిబంధన న్యాయమైనదే. కుక్కల నుంచి అడవి జంతువులకు డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే వైరస్ సోకుతుంది. గుజరాత్‌లోని గిర్‌లో 2018లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటిలో ఈ వైరస్ బయటపడింది.

కుక్కతో వెళ్లేవారికి మిగిలింది అడవి అంచున ఉన్న పట్టా భూములు. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు మామిడి తోటలు, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ప్రైవేటు క్యాంపులు, పోచారం చెరువు పరిసరాల్లో ఫామ్‌హౌస్‌లు. బుక్ చేసే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఆ భూమి అటవీశాఖది కాదు కదా, చుట్టూ కంచె ఉందా, రాత్రి అక్కడ మనిషి ఉంటాడా. కుక్కను అనుమతిస్తారో లేదో ఫోనులో అడిగి వదిలేయకుండా మెసేజ్ రూపంలో తెప్పించుకోండి. గేటు దగ్గరికి వెళ్లాక మాట మార్చే క్యాంపులు తక్కువేమీ కాదు.

శ్రీశైలం దారిలో వెళ్లేవారు సమయం చూసుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి గుండా వాహనాలను వదలరు. పగటిపూట అడవిలో కారు ఆపి కుక్కను కిందికి దించకండి. దారి పొడవునా కోతులుంటాయి. కోతిని తరుముతూ రోడ్డు దిగిన కుక్కను వెతకడానికి మీరూ అడవిలోకి దిగాల్సి వస్తుంది.

రెండో అడుగు: నెల చూసుకోవడం

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. రాత్రంతా రాలిన పూల కోసం ఎలుగులు తెల్లవారుజామునే చెట్ల కిందికి చేరతాయి. తర్వాత తునికి పండ్లు, వానలు మొదలయ్యేసరికి నేరేడు, దసరా రోజుల్లో సీతాఫలం, చలికాలంలో రేగు. ఎలుగుకు పండ్ల క్యాలెండర్ మనకంటే బాగా తెలుసు. ఏ నెలలో ఏ చెట్టు కింద గుడారం వేయకూడదో ఈ వరస చూస్తే అర్థమవుతుంది.

వేసవి కుక్కకు ఎండ వల్ల కూడా పనికిరాదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు జాతులకూ హస్కీలకూ మరీ ప్రమాదం. వానాకాలంలో పాములు, పిడుదులు ఎక్కువ. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు కుక్కకు హాయిగా ఉంటుంది. అయితే ఆ రోజుల్లోనే తల్లి ఎలుగులు రాతిగుహల్లో, బండల సందుల్లో పిల్లలను పెడతాయి. కాబట్టి చలికాలంలో వెళితే బండరాళ్ల గుట్టలకు దూరంగా చదునైన తోటలోనే ఉండండి. గుట్ట మీద సూర్యోదయం ఫొటో మరో ప్రయాణానికి పెట్టుకోండి, కుక్క లేనప్పుడు.

మూడో అడుగు: మీ కుక్క వెళ్లదగ్గదేనా?

ఈ ప్రశ్నను చాలామంది వేసుకోరు. నల్లమలలో పెంటలు అని పిలిచే చెంచు గూడేల్లో కుక్కలు మనుషులతో అడవికి వెళ్లి వస్తాయి కదా అంటారు. ఆ కుక్కలు పుట్టింది అడవిలో, పెరిగింది అడవిలో. కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో అంతస్తున పెరిగిన కుక్కకు ఎలుగు వాసన అంటే ఏమిటో తెలియదు.

కేబీఆర్ పార్కు బయటి నడకదారికో, మీ వీధిలో ఆవులు తిరిగే చోటికో తీసుకెళ్లి చూడండి. పిల్లి కనిపించినప్పుడు మీరు పిలిస్తే వెనక్కి తిరుగుతుందా? అయిదు నిమిషాలు మొరగకుండా మీ కాలి దగ్గర కూర్చుంటుందా? నోట్లో పెట్టుకున్నదాన్ని "వదులు" అంటే వదిలేస్తుందా? మూడింటిలో రెండు కుదరకపోతే ఈసారికి దాన్ని ఇంట్లోనో బోర్డింగ్‌లోనో ఉంచి వెళ్లడం మేలు. ఏడాది నిండని పిల్లలనూ, ఎదలో ఉన్న ఆడకుక్కనూ తీసుకెళ్లవద్దు. ఎదలో ఉన్నదాని కోసం ఊరి కుక్కలన్నీ రాత్రంతా గుడారం చుట్టూ చేరతాయి.

గుడారంలో పడుకోవడం కూడా నేర్పాల్సిన పనే. ముందు రెండు మూడు రాత్రులు మేడ మీద గుడారం వేసి అందులో కుక్కతో పడుకోండి. జిప్ చప్పుడుకు బెదిరే కుక్క, గుడ్డ గోడను గోళ్లతో చీల్చే కుక్క అప్పుడే బయటపడతాయి.

నాలుగో అడుగు: డాక్టరు దగ్గరికి

రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో (పేగులకు సోకే వైరస్ జబ్బు), లెప్టోస్పైరోసిస్ (మురికినీటి నుంచి సోకే జబ్బు)లకు ఇచ్చే కలిపిన టీకా గడువు దాటలేదని చూసుకోండి. గడువు దగ్గరపడితే కనీసం మూడు వారాల ముందే వేయించండి. పిడుదుల మందు, అది మాత్ర అయినా మెడ మీద వేసే చుక్కలైనా, ప్రయాణానికి ముందే పడాలి. టీకా కార్డు ఫొటో ఫోనులో ఉంచుకోండి. దారిలో దగ్గరి పశువైద్యశాల ఎక్కడుందో, ఆదివారం తెరిచి ఉంటుందో లేదో వెళ్లకముందే కనుక్కోండి. పెద్ద దెబ్బ తగిలితే చివరికి హైదరాబాద్‌కే రావాల్సి ఉంటుంది, కాబట్టి కారులో పెట్రోలు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి.

అయిదో అడుగు: సరంజామా

అన్నిటికంటే ముఖ్యం లీష్. ఆరడుగుల పొడవు, గట్టి నైలాన్ పట్టీ, అదనంగా మరొకటి. అమెరికా జాతీయ పార్కుల్లో కూడా ఆరడుగులకు మించిన లీష్ కుదరదు. మీట నొక్కితే సాగే లీష్ ఇక్కడ వద్దు. అయిదు మీటర్లు సాగిన తాడు పొదలకు చుట్టుకుంటుంది, అవసరానికి ఒక్క క్షణంలో వెనక్కి రాదు. నడుముకు కట్టుకునే లీష్ కూడా వద్దు. ముప్పై కిలోల కుక్క ఒక్కసారి లాగితే మీరు బోర్లా పడతారు, వదిలేయాల్సి వచ్చినప్పుడు వదలలేరు. మెడ బెల్టుకు బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడండి. బెదిరిన కుక్క మెడ బెల్టులోంచి తల వెనక్కి లాక్కొని జారిపోతుంది.

మెడలో గంట కడితే ఎలుగు తప్పుకుంటుందని కొందరి నమ్మకం. చిన్న గంట శబ్దం పొద అవతలికి కూడా వెళ్లదు. నడిచేటప్పుడు మీరే మామూలు గొంతుతో మాట్లాడుతూ, మలుపుల దగ్గర చప్పట్లు కొడుతూ వెళ్లండి.

నీళ్లు లెక్క చూసుకోండి. కుక్కకు రోజుకు కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు కావాలి. పాతిక కిలోల కుక్కకు లీటరున్నర, ఎండలో నడిపితే అంతకు రెట్టింపు. కుంటల్లో నీళ్లు తాగనివ్వకండి, లెప్టోస్పైరోసిస్ అలాగే సోకుతుంది. వీటితోపాటు మంచి టార్చి రెండు, చేతికర్ర, గాజుగుడ్డ, యాంటీసెప్టిక్, పిడుదులు లాగే పట్టకారు. అమెరికాలో ఎలుగుల కోసం అమ్మే పెద్ద స్ప్రే డబ్బా ఏడెనిమిది మీటర్ల దాకా మేఘంలా చిమ్ముతుంది. ఇక్కడ ఆత్మరక్షణ కోసం అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే దానితో సమానం కాదు. అది జేబులో ఉందని ధైర్యం చేయకండి.

ఆరో అడుగు: చేరగానే చేయాల్సినవి

కుక్కను కారులోంచి దించకముందే కాపలాదారుతో మాట్లాడండి. "ఎలుగులు ఉన్నాయా అన్నా?" అని అడిగితే భయపడి వెళ్లిపోతారేమోనని లేవంటాడు. "ఎలుగు ఈ మధ్య ఎటువైపు వచ్చింది?" అని అడగండి, అప్పుడు చెయ్యి చూపిస్తాడు. గొర్రెల కాపరులు ఎదురైతే వారినీ అడగండి, వారి మాట ఇంకా కచ్చితం.

మరో ప్రశ్న తప్పకుండా వేయాలి: "పందుల కోసం కరెంటు తీగలు, ఉచ్చులు ఎవరైనా పెట్టారా?" అడవి పందుల బాధకు కొన్నిచోట్ల పొలాల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతారు. మాంసంలో చుట్టిన నాటు బాంబులు పెట్టేవారూ ఉన్నారు. ఇది చట్టరీత్యా నేరం, అయినా జరుగుతోంది. వాసనకు ఆకర్షితమై నోట కరిచే కుక్కే ముందు బలి అవుతుంది. నా ఉద్దేశంలో అడవి అంచున లీష్ విప్పకపోవడానికి ఎలుగు ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

తర్వాత కుక్కను లీష్ మీదే ఉంచి వంద మీటర్ల మేర చుట్టూ నడవండి. పుట్టలు కనిపిస్తే ఆగి చూడండి. ఎలుగు తవ్విన పుట్టకు పక్క నుంచి లోతుగా గొయ్యి ఉంటుంది. మట్టి పెళ్లలు ఒక్క వైపే చిమ్మి ఉంటాయి, గోడ మీద గోళ్లతో గీకిన నిలువు చారలు కనిపిస్తాయి. పెళ్ల లోపలివైపు ఇంకా తడిగా, ముదురు రంగులో ఉండి, చెదలు పగుళ్లను పూడ్చే పనిలో తిరుగుతుంటే అది నిన్నో మొన్నో తవ్విన గొయ్యి. అక్కడ ఉండకండి. పండ్ల గింజలతో నిండిన పేడ, మనిషి పాదాన్ని తలపించే వెనకకాలి అచ్చు, దాని ముందు కాస్త ఎడంగా గోళ్ల గుర్తులు కూడా ఇదే చెబుతాయి.

ఇప్ప, తునికి, నేరేడు చెట్ల కింద, తేనెపట్టున్న చెట్టు దగ్గర, నీటిగుంటకు వెళ్లే కాలిబాట మీద గుడారం వద్దు. కారుకు నాలుగడుగుల దూరంలో, చుట్టూ ఖాళీగా కనిపించే చోట వేయండి.

ఏడో అడుగు: తిండి, వాసన

హంపి దగ్గర దరోజీలో 1994లో ఏర్పాటైన ఎలుగుల అభయారణ్యం ఉంది. అక్కడి సిబ్బంది మధ్యాహ్నం బండల మీద బెల్లం పాకం లాంటిది పూసి వస్తే, సాయంత్రానికి ఎలుగులు గుట్ట దిగి వచ్చి నాకుతాయి. బెల్లం వాసనకు గుట్ట దిగే జంతువు ఉన్నచోట మీరు అరిసెలు, పల్లీపట్టీ, తేనె సీసా, కొబ్బరి పచ్చడి గుడారంలో పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. కొబ్బరినూనె డబ్బా కూడా ఈ జాబితాలోదే.

కుక్క తిండి మన తిండి కంటే ఎక్కువ వాసన వేస్తుంది. దాన్ని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి కారు డిక్కీలో ఉంచి, కారులో ఎవరూ పడుకోనప్పుడు అద్దాలు పూర్తిగా ఎత్తండి. అమెరికాలోని యోసెమిటీలో ఎలుగులు కారు తలుపులే పీకేస్తాయి కాబట్టి అక్కడ రాత్రి తిండిని ఇనుప పెట్టెల్లో దాచమంటారు. మన దగ్గర మూసిన కారు సరిపోతుంది. కుక్కకు చీకటి పడకముందే తిండి పెట్టి, తినగానే గిన్నె కడిగి కారులో పెట్టేయండి. మిగిలిన మెతుకులు, బిర్యానీ ఎముకలు విసిరేయకండి. వండిన ఎముకలు కుక్క పేగులకు కూడా చేటు. వంట గుడారానికి అరవై డెబ్బై అడుగుల దూరంలో, వీలైతే తోట యజమాని ఇంటి దగ్గరే చేసుకోండి. కుక్క మలాన్ని సంచిలో కట్టి వెనక్కి తెచ్చుకోండి.

ఎనిమిదో అడుగు: రాత్రి

కుక్కను రాత్రి బయట కట్టేయకూడదు. ఎలుగు కంటే ముందు చిరుత గుర్తుకు రావాలి. కట్టేసిన కుక్క చిరుతకు సులువుగా దొరికే ఆహారం. నాకైతే గుడారం కంటే కారే నయమనిపిస్తుంది. అద్దాలు కాస్త దించి, వెనక సీట్లు మడిచి, మీరూ కుక్కా అందులోనే పడుకోవచ్చు. గుడారమే కావాలంటే కుక్క లోపల మీ పక్కనే ఉండాలి, కారు తాళాలు చేతికి అందేలా ఉండాలి.

అర్ధరాత్రి కుక్క లేస్తే దాన్ని గమనించండి. కలలో గురగురలాడే కుక్కకూ వాసన పట్టిన కుక్కకూ తేడా తెలుస్తుంది. వాసన పట్టినది కదలకుండా నిలబడుతుంది, ముక్కు ఒకే దిక్కుకు తిప్పి ఉంచుతుంది, వీపు మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు జిప్ తీసి టార్చి పట్టుకొని చూడటానికి వెళ్లకండి. లోపలే ఉండి, గుడారంలో ఉంటే కారు తాళం మీద ఉన్న బటన్‌తో, హారన్ మోగించండి. మూత్రానికి తీసుకెళ్లాల్సి వస్తే ముందు టార్చి వెలుగు చుట్టూ తిప్పి, మెరిసే కళ్లు లేవని చూసి, లీష్ మీద కారు పక్కకే తీసుకెళ్లండి.

తెల్లవారుజామున, సాయంత్రం మసక వెలుతురులో నడక వద్దు. ఎలుగులు ఎక్కువగా తిరిగే వేళలు అవే.

తొమ్మిదో అడుగు: ఎదురుపడితే

దూరంగా ఉండి మిమ్మల్ని చూడకపోతే అరవకండి. లీష్‌ను చేతికి చుట్టకుండా మడతలుగా పట్టుకొని కుక్కను కాలి దగ్గరికి లాక్కోండి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. వీడియో తీయవద్దు.

దగ్గరగా ఉండి మిమ్మల్ని చూస్తే కుక్కను మీ వెనక్కి జరిపి, మెల్లగా మాట్లాడుతూ పక్కకూ వెనక్కూ అడుగులు వేయండి. ఎలుగు రెండు కాళ్ల మీద నిలబడినంత మాత్రాన దాడికి సిద్ధమైందని కాదు, చాలాసార్లు వాసన చూడటానికే అలా నిలుస్తుంది. పరుగెత్తకండి, అది మనకంటే వేగంగా పరుగెడుతుంది. చెట్టెక్కకండి, తేనె కోసం చెట్లెక్కడం దానికి అలవాటే. తల్లి వీపు మీద పిల్లలు కనిపిస్తే మరింత దూరం జరగండి. తొమ్మిది నెలల వయసు దాకా పిల్లలు అలా తల్లి వీపు మీదే తిరుగుతాయి.

మీదికే వచ్చేస్తే, ఇక తప్పదని తెలిసిన క్షణంలో, లీష్ వదిలేయండి. ఇది రాయడం నాకూ ఇష్టం లేదు. కానీ తాడు చుట్టుకున్న చేతితో ముఖాన్ని కాపాడుకోలేరు, కట్టి ఉన్న కుక్క తప్పించుకోలేదు. విడిచిన కుక్కకు మీకంటే ఎక్కువ అవకాశం ఉంటుంది. ఎలుగు ఎక్కువగా తల, ముఖం మీదే దాడి చేస్తుంది. బోర్లా పడుకొని, వేళ్లు ముడిచి మెడ వెనక పెట్టి, మోచేతులతో ముఖం కప్పుకోండి. వీపున సంచి ఉంటే తీయకండి. అది వెళ్లిపోయిందని నమ్మకం కుదిరేదాకా కదలకండి.

మనిషికి గాయమైతే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి, 108కు ఫోన్ చేయండి. రక్తం అదుపులోకి వచ్చాక గాయాన్ని సబ్బు, నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. రేబిస్ టీకా, గాయంలో ఇచ్చే ఇమ్యూనోగ్లోబులిన్ తప్పనిసరి అని ఆసుపత్రిలో గుర్తుచేయండి. కుక్కకు పైన చిన్న రంధ్రంలా కనిపించే గాటు లోపల చాలా లోతుగా ఉండవచ్చు. నొప్పితో మిమ్మల్నే కరవవచ్చు, కాబట్టి ఊపిరి ఆడేలా గాజుగుడ్డతో మూతి కట్టి, గాయం మీద పసుపు, కాఫీపొడి వేయకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అటవీశాఖకు కూడా తెలియజేయండి, ఆ ఎలుగు అటువైపు తిరుగుతోందని ఊరివారికి తెలియాలి.

ఇంటికి చేరాక

కుక్కను కారు దిగిన వెంటనే వెలుతురులో నిలబెట్టి చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, తోక మొదట్లో వేళ్లతో తడమండి. పిడుదును పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకొని నిటారుగా లాగండి, నలపకండి, కిరోసిన్ పోయకండి. పరుపు, హార్నెస్, గుడారం ఎండలో వేయండి. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించండి. అడవి అంచున ఉండి వచ్చిన సంగతి, తేదీతో సహా, డాక్టరుకు మీరే చెప్పండి.